గడియారం బాబాయికి హెచ్‌డీ గండం

వాన వెలిసిన మధ్యాహ్నం. డిస్కుల షాపులో గాజుబల్లకి ఇటు గడియారం బాబాయి, అటు షాపు నడిపే అమ్మాయి. ఇంకెవరూ లేరు.

"అది కాదు బాబాయ్, అబద్ధం ఎలా చెప్పమంటావ్?"

"అబద్ధమని ఎవరన్నారు? హెచ్‌డీ డిస్కు దండగ అని మీ పిన్నికి చెప్పమన్నా. అంతే."

"దండగ కాదు కదా."

"నీకు కాదు. మాకు దండగ."

"ఎందుకట? పిన్ని పోయిన వారమేగా అంత పెద్ద టీవీ కొంది? సగం గోడ అదేనట. అందులో మామూలు డిస్కు వేస్తే ఎలా ఉంటుందో తెలుసా? చంటిపిల్ల దుప్పటి తెచ్చి పెద్ద మంచం మీద పరిచినట్టు. ఎటు లాగినా చాలదు."

"చాలకపోతే పోనీ. ముడుచుకుని పడుకుంటాం."

"మామూలు డిస్కులో బొమ్మంతా కలిపి ఐదొందల చిల్లర గీతలు. హెచ్‌డీలో వెయ్యీ ఎనభై. రెట్టింపు!"

"నా కళ్ళకి ఐదొందలే ఎక్కువమ్మా. అరవై రెండేళ్ళు నాకు."

"మొన్నేగా కొత్త అద్దాలు పెట్టించుకున్నావ్?"

"ఇది కూడా చెప్పేసిందా మీ పిన్ని?"

"పిన్ని నా దగ్గర ఏదీ దాచదు. పోనీ, టీవీకీ మీ సోఫాకీ ఎంత దూరం?"

"ఎందుకూ?"

"మరీ దూరంగా కూర్చుంటే ఏ డిస్కయినా ఒకటే. తేడా తెలీదు."

"ఎంత దూరం? ఎంతుండాలో చెప్పు!"

"మీ టీవీకైతే… ఓ ఇరవై అడుగులు."

"మా గదే పన్నెండు. సోఫా వీధిలో వేయాలి."

"వానొస్తే తడుస్తారు."

"వేళాకోళాలొద్దు. సరే, ఇది చెప్పు. మీ పిన్ని కొనబోయేది ముప్పై మూడేళ్ళనాటి సినిమా. పాతదాన్ని హెచ్‌డీ చేస్తే ఏం ఒరుగుతుంది? పాత చొక్కాకి ఇస్త్రీ చేసినట్టు. కొత్తదైపోతుందా?"

"అక్కడే పప్పులో కాలేశావ్. ఆ రోజుల్లో ఫిలిం మీద తీసేవాళ్ళు. బొమ్మలో ఉన్నదంతా ఫిలింలో ఎప్పుడూ ఉంది. మామూలు డిస్కులోకి ఎక్కించేటప్పుడు పట్టక సగం వదిలేశారు. ఇప్పుడు అసలు నెగటివ్ బయటికి తీసి, దుమ్ము దులిపి, ఒక్కో ఫ్రేమూ స్కాన్ చేశారు. కనుబొమ్మల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు."

"ఎవరి కనుబొమ్మలు?"

"ఎవరివైనా."

"దూరంగా ఉన్నవాళ్ళవి కూడానా? అంటే ఉదాహరణకి… గడియారం స్తంభం మీంచి దూకేవాడివి?"

"ఓహో! అదా సంగతి! సిగ్గా బాబాయ్? హీరో ముఖం ఉండాల్సిన చోట నీ ముఖం కనబడుతుందనా? కనబడనీ! డూపు నువ్వేనని ఎవరికి తెలీదు? ఈ వీధిలో నిన్ను గడియారం అని కాక ఇంకో పేరుతో పిలిచేవాడున్నాడా? నలభై అడుగుల ఎత్తు. తాడు లేదు. ఒకే టేకు."

"ఒకే టేకు. అవును."

"పైన ఈదురుగాలి. కింద పరిచిన అట్టపెట్టెలు అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. నాకే ఇరవైసార్లు చెప్పావ్."

"గాలి నిజమే. అట్టపెట్టెలూ నిజమే."

"మరి?"

"దూకడమే…"

"దూకడమే?"

"ఆ తలుపు వెయ్యి."

"ఉక్కపోస్తుంది బాబాయ్."

"వెయ్యవే తల్లీ!"

"వేశా. ఊఁ, చెప్పు."

"దూకింది నేను కాదు."

"ఆఁ?"

"గట్టిగా అరవకు!"

"ఆఁ అన్నా, అంతే. నువ్వు కాదా?"

"కాదు. ఎక్కడం ఎక్కాను. డెబ్బై రెండు మెట్లు. హీరోకి కుట్టినటువంటి కోటే నాకూ కుట్టారు, టోపీతో సహా. పైకెళ్ళి ఒక్కసారి కిందికి చూశా. నేను మంటల్లోంచి పరిగెత్తినవాణ్ణి. నడుస్తున్న లారీ కిందనుంచి దొర్లినవాణ్ణి. ఏనాడూ బెదరలేదు. ఆ రోజు ఏమొచ్చిందో తెలీదు. కోటూ టోపీ మెట్ల మీద విప్పి పడేసి, వెనకనుంచి దిగిపోయి, జనరేటర్ బండి చాటున నక్కా."

"అయ్యో బాబాయ్."

"పది నిమిషాలైందో లేదో పెద్ద కేక. తర్వాత చప్పట్లే చప్పట్లు. ఎవడో దూకేశాడు! ఫైట్ మాస్టరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, కోటు నా మీద పడేసి, 'తొడుక్కో. నలుగురికీ కనబడు. నోరు మాత్రం విప్పకు' అన్నాడు. యూనిట్ యూనిట్ అంతా నన్ను భుజాల మీద ఎత్తుకుంది."

"నువ్వు ఎక్కావా భుజాలు?"

"ఎక్కక? ఎత్తుకుంటుంటే ఏం చెయ్యను!"

"ఇంతకీ దూకిందెవరు?"

"తెలీదు."

"ముప్పై మూడేళ్ళుగా తెలీదా! ఎవర్నీ అడగలేదా?"

"అడగడమంటే నేను దూకలేదని చెప్పుకోవడమేగా? మాస్టరుకి అసిస్టెంట్లు ఆరుగురు. ఆరుగుర్నీ అనుమానించా. ఒక్కొక్కడికీ విడివిడిగా టీ పోయించి కళ్ళలోకి చూశా. ఒక్కడూ బయటపడలేదు. మాస్టరు మాత్రం నేను ఎదురైతే చాలు, నవ్వేవాడు. బతికున్నన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నాడు."

"సరే, అయిందేదో అయింది. పిన్నికి చెప్పేస్తే పోలా? ఈ వయసులో ఏమంటుంది?"

"నీకు తెలీదమ్మా. ఆ సినిమాకి మీ పిన్ని కాస్ట్యూమ్స్‌లో దర్జీ. తల వంచుకుని మిషను తొక్కుకోవడమే, ఎవరితోనూ మాట కలిపేది కాదు. సినిమా రిలీజై విరగబడి ఆడుతుంటే, ఓ రోజు స్టూడియో క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికొచ్చి, 'ఆ గడియారం మీంచి దూకింది మీరేనాండీ?' అంది. నాతో తను ఆడిన మొదటి మాట అదీ."

"నువ్వేమన్నావ్?"

"అవునండీ అన్నా. తనతో నేనాడిన మొదటి మాట అది."

"మొదటి మాటే అబద్ధమా!"

"నవ్వకు. అందరి కాపురాలూ ఏ నమ్మకం మీదో నిలబడతాయి. మాది అట్టపెట్టెల మీద నిలబడింది. ఆ దూకుడు చూసే కదా నన్ను చేసుకుంది! ఆదివారం ఆ పెట్టెలు కాస్తా లాగేస్తారు."

"ఆదివారం ఏముంది?"

"అందర్నీ పిలిచింది. కూతురూ అల్లుడూ, వియ్యంకుడూ వియ్యపురాలూ, పై అంతస్తు వాళ్ళూ. 'కొత్త టీవీలో మా ఆయన దూకుడు చూద్దురుగాని రండి' అని. మా వియ్యంకుడి సంగతి నీకు తెలీదు. పెళ్ళి శుభలేఖలో తప్పులు దిద్ది తిప్పి పంపిన మనిషి. రిమోట్ ఆయన చేతికి దొరికిందా, ఆపి ఆపి చూస్తాడు."

"పిన్ని ఇప్పుడు వస్తోందా ఏంటి?"

"మరి నేనెందుకు పరిగెత్తుకొచ్చాననుకున్నావ్? 'రెండు డిస్కులూ పక్కపక్కన వేయించి చూసి కొంటా' అని బయల్దేరింది. బస్సు దిగే ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

"ఒక దారుంది. కానీ నేను చెప్పానని అనకూడదు."

"చచ్చినా అనను."

"ఈ మూడు రంగుల వైరు చూశావా? ఎరుపు, తెలుపు, పసుపు. పాతకాలం వైరు. హెచ్‌డీ డిస్కునైనా సరే, దీంతో టీవీకి కలిపితే ఆ వెయ్యి గీతలూ ఈ పసుపు పిన్నులోంచి దూరలేవు. మామూలు డిస్కులాగే మసకమసగ్గా వస్తుంది. సగం మంది ఇళ్ళలో జరిగేది ఇదే. హెచ్‌డీ కొంటారు, ఈ వైరు తగిలిస్తారు, 'ఏముందమ్మా తేడా' అని నా మీదికొస్తారు."

"బంగారు తల్లివి! అదే తగిలించు!"

"సొంత సరుకు దండగని సొంత షాపులో నిరూపించడం. నా అంత తెలివైన వ్యాపారి ఇంకెక్కడా ఉండదు."

"అదిగో, వచ్చేసింది! గొడుగు అదే!"

"కంగారు పడకు. కూర్చో. ఆ చెమట తుడుచుకో."

"ఏమ్మా, తలుపేసుకున్నావేం? షాపు మూసేశావనుకున్నా. ఇదేంటండీ! మీరేంటి ఇక్కడ? పళ్ళ డాక్టరు దగ్గరికి కదా బయల్దేరారు?"

"డాక్టరు లేడు. అమ్మాయిని ఓసారి పలకరిద్దామని…"

"ఆ చెమటలేంటి?"

"తలుపేసి ఉంది కదా."

"ఎందుకేశారు?"

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకేశావమ్మాయ్?"

"నేనా? దుమ్ము పిన్నీ. డిస్కుల మీద దుమ్ము పడుతోందని."

"ఇప్పుడేగా వాన వెలిసింది. దుమ్మా!"

"తడి దుమ్ము."

"మీ ఇద్దరి వాలకం ఏం బాగాలేదు. సరే, నాకెందుకు. ముందు మామూలు డిస్కు వెయ్యమ్మా."

"ఇదిగో పిన్నీ. సరిగ్గా ఆ సీను దగ్గర పెట్టా."

"ఆఁ, స్తంభం వచ్చింది. అదిగో, మీరు! దూకేశారు!"

"ఊఁ."

"ఊఁ అంటారేంటి? ఇంట్లో అయితే గాలి దగ్గర్నుంచి మొదలెట్టి చెబుతారుగా?"

"గొంతు బాగాలేదు."

"ఆ పసుపు మఫ్లరు ఎగరడం చూడు పిన్నీ. ఈ సినిమా చూసొచ్చి మా నాన్న అలాంటిదే కుట్టించుకున్నాట్ట."

"మీ నాన్నేం ఖర్మ, ఊరు ఊరంతా కుట్టించుకుంది. నా చేత్తోనే ఓ ఐదొందలు కుట్టా. సరేగానీ ముఖం ఏది?"

"ఇందులో ముఖమెక్కడ పిన్నీ. గోధుమరంగు మచ్చ."

"మచ్చే. ఇప్పుడు హెచ్‌డీది వెయ్యి."

"వేశా… ఇదిగో."

"ఇదీ మచ్చే!"

"మచ్చే."

"అమ్మయ్య!"

"అమ్మయ్య!"

"మీరెందుకండీ అమ్మయ్య అన్నారు?"

"నువ్వెందుకన్నావ్?"

"నేను… తేడా లేదు కదా అని."

"నేనూ అందుకే."

"అయితే ఇంకేం, హెచ్‌డీదే ఇచ్చెయ్యమ్మా. పెట్టె మీద పెద్దక్షరాలతో హెచ్‌డీ అని ఉంటుంది. వియ్యపురాలి ముందు దర్జాగా ఉంటుంది."

"వద్దు! తేడా లేనప్పుడు ఎందుకూ? మామూలుది చాలు!"

"పిన్నీ, ఒక్కమాట. మీ ఇంట్లో టీవీకి ఏ వైరు పెట్టారు?"

"ఏమో, టీవీ తెచ్చినవాళ్ళే పెట్టి వెళ్ళారు. చివర బల్లపరుపుగా ఉంటుంది చూడు, ఒక్కటే వైరు."

"ఈ మూడు రంగులది…?"

"మా టీవీకి ఆ కన్నాలే లేవు."

"చచ్చాం బాబాయ్."

"ఏమిటమ్మా?"

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకపోతే ఈయన ముఖం అలా పాలిపోయిందేం? ఆ బల్లపరుపు వైరు నీ దగ్గరా ఉందిగా, అదిగో వేలాడుతోంది. దాంతో చూపించు. ఇంట్లో ఎలా పడుతుందో నాకు అలాగే చూడాలి."

"పెట్టకు!"

"ఏవండీ! వైరు వదలండి, తెగుతుంది!"

"తెగనీ! నీతో ఒక్కమాట చెప్పాలి. కూర్చో."

"షాపులో ఉన్నది ఒక్క కుర్చీ. దానిమీద మీరున్నారు."

"సరే, నిలబడే విను. ఆదివారం ఆ వియ్యంకుడి నోట వినేకంటే ఇప్పుడు నా నోట వినడం నయం. ఆ రోజు దూకింది… నేను కాదు. భయపడి దిగిపోయా. క్యాంటీన్‌లో నువ్వొచ్చి అడిగినప్పుడు అవునన్నాను చూడు, అక్కణ్ణుంచి ఇవాళ్టిదాకా అబద్ధమే. ఇక నువ్వు ఏం తిట్టాలో తిట్టు. విన్నావా?"

"విన్నా."

"నేను కాదంటున్నానే!"

"తెలుసండీ."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో. అమ్మా, మామూలుదే కట్టివ్వు. పోతాం."

"అదేంటి పిన్నీ, ఇప్పుడేగా హెచ్‌డీది కావాలన్నావ్?"

"వద్దు. దండగ. పాత సినిమా, పాతదాంట్లో కొత్తగా ఏం కనబడుతుంది?"

"ఇందాక బాబాయీ అచ్చం ఇలాగే…"

"కనబడుతుందే! అసలు నెగటివ్ బయటికి తీశారట. కనుబొమ్మలు లెక్కపెట్టుకోవచ్చట!"

"మీకిప్పుడు ఎవరి కనుబొమ్మలు కావాలండీ?"

"వాడివి! వాడెవడో తెలీకుండానే వాడి గొప్ప ఇన్నేళ్ళు నేను మోశా. నీకు తెలిసిపోయాక ఇంక నాకు భయమేంటి? వాడి ముఖం ఒక్కసారి చూడాలి. బతికుంటే వెతికి పట్టుకుని కాళ్ళ మీద పడతా."

"పెద్దవారు, ఎవరి కాళ్ళ మీదా పడక్కర్లేదు. పదండి, బస్సెళ్ళిపోతుంది."

"గంటకి నాలుగు బస్సులు. అమ్మాయ్, ఆ వైరు తగిలించు!"

"తగిలించకమ్మా! అంత దగ్గరగా చూస్తే కళ్ళు పాడవుతాయి."

"కొత్త అద్దాలున్నాయి!"

"ఉండండి ఇద్దరూ! ఇందాక వద్దన్న బాబాయ్ కావాలంటాడు, కావాలన్న పిన్ని వద్దంటుంది. మీ ఇద్దరి మధ్య నాకు పిచ్చెక్కేలా ఉంది. షాపు నాది, వైరు నాది. పెట్టేశా."

"ఆఁ! అబ్బబ్బ! స్తంభం రాళ్ళ మధ్య మొలిచిన గడ్డి కూడా కనబడుతోంది!"

"చెప్పానా బాబాయ్? ఇప్పుడు చెప్పు, దండగా?"

"ఆగు, ఆగు. పైకొచ్చాడు. కోటు నాదే. ఒదులైంది వాడికి. టోపీ చెవులమీదికి దిగింది… దూకేశాడు! ఆపు! కొంచెం వెనక్కి. ఊఁ, ఒక్కో ఫ్రేమూ పోనీ."

"బాబాయ్."

"ముఖం చూపించవే, మెడ దగ్గర ఆపావేం?"

"ఈ మఫ్లరు మీద అంకెలేంటి?"

"మఫ్లరు మీద అంకెలా?"

"పన్నెండు, పదమూడు, పద్నాలుగు… ఇది మఫ్లరు కాదు బాబాయ్. దర్జీ టేపు."

"దర్జీ టేపేంటి, ఫైటరు మెడలో?"

"తియ్యడం మర్చిపోయానండీ. కంగారులో."

"నువ్వా!"

"డైరెక్టరు అది చూసి మఫ్లరు అదిరిందన్నాడు. రాత్రికి రాత్రి హీరోకి నిజం మఫ్లరు కుట్టాల్సొచ్చింది."

"ముఖం వచ్చింది బాబాయ్! పిన్నే! కళ్ళు గట్టిగా మూసేసుకుంది చూడు!"

"అంత ఎత్తు నుంచి కళ్ళు తెరుచుకుని ఎవరు దూకుతారమ్మా?"

"మరి… రెండూ పక్కపక్కన చూడాలని ఎందుకొచ్చావే ఇక్కడికి?"

"నా ముఖం పడిందేమో చూద్దామని. పడితే మామూలుది కొందామని. అందరి ముందూ మీ కథ చెడగొట్టడం ఎందుకు? మీరు గాలితో మొదలెట్టి చెబుతుంటే నాకే మళ్ళీ దూకినట్టుంటుంది. అంత బాగా చెబుతారు."

"మాస్టరు ఎలా ఒప్పుకున్నాడు?"

"ఆయన్నెవరడిగారు? కోటు గుండీ ఊడిందని కుట్టడానికి పైకొచ్చా. మెట్ల మీద కోటుంది, టోపీ ఉంది, మనిషి లేడు. కింద మాస్టరు మైకులో అరుస్తున్నాడు, 'వెలుతురు పోతోంది, ఇప్పుడు దూకకపోతే వీడికి ఇంకే సినిమాలోనూ పని దొరకనివ్వను' అని. గుండీ కుట్టి తొడుక్కున్నా."

"గుండీ కుట్టి మరీనా పిన్నీ!"

"గుండీ లేకుండా కెమెరా ముందుకి ఎలా వెళ్ళనమ్మా? పెట్టెల్లోంచి లేచాకే మాస్టరు నా ముఖం చూశాడు. తిట్టబోయి నవ్వేశాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నా."

"అమ్మాయ్, ఆ హెచ్‌డీదే కట్టు. ఆదివారం రిమోట్ వియ్యంకుడి చేతికి నేనే ఇస్తా. ఎన్నిసార్లు ఆపుకుంటాడో ఆపుకోనీ."

"వద్దండీ, మీకు నామోషీ."

"నామోషీ సంగతి తర్వాత. నాకు ఒక్కటి అర్థం కావట్లేదు. పోతే నా పని పోయేది. నీకేం పోయింది? ఆ దూకుడు చూసి నన్ను ఇష్టపడ్డావనుకుంటున్నా ఇన్నాళ్ళూ. అది నీ దూకుడే అయినప్పుడు… అసలు ఆ రోజుకి మనిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు కదే!"

"మీకు లేదు. అంతకుముందు ఏడు సినిమాల్లో మీ ఒంటిమీద చిరిగిన చొక్కాలన్నీ కుట్టింది నేనేనండీ."